గంజిని కోయు ఈస్టు – మొక్కజొన్న రైతుకు దానితో గల సంబంధము

(రైతుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈనాటి ప్రసంగమును ఒక చిన్న పరీక్షతో ప్రారంభించెదను. ఇంటికి పోయిన పిమ్మట ఒక ముద్ద చప్పటి అన్నమును, కూరగాని మజ్జిగగాని కలుపక, నోట వేసికొని మ్రింగకుండ రెండు మూడు నిమిషముల సేపు నమలి చూడుడు. మొదట రుచి యేమియు తెలియదు. కొంతసేపటికి నాలుకకు సన్నని తీపి తగులును. అన్నములో మీరు చక్కెర వేయలేదు. ఆ తీపి యెచ్చటనుండి వచ్చినది? అన్నములోని పిండిపదార్థమును మీ నోటి లాలాజలము కోసి చక్కెరగా మార్చినది. నేను చెప్పబోవు విషయమంతయు ఈ నోటి ముద్దలోనే యిమిడియున్నది.

ఇక రెండవ సంగతి. తాటిచెట్టునుండి తెల్లవారుజామున దించిన నీరా తీయగా నుండును. దానికి ఎవరును ఏమియు కలుపనక్కరలేదు. మధ్యాహ్నమునకే పొంగి కల్లగును. కాని మన ఇంటి గంజిని కుండలో పోసి పెట్టినచో అది పులియును గాని కల్లు కాదు. ఎన్ని దినములుంచినను అంతే. నీరాలో ఉన్నది చక్కెర. గంజిలో ఉన్నది పిండిపదార్థము. గాలిలోను, కుండ గోడలకును ఉండు ఈస్టు అను సూక్ష్మజీవికి చక్కెర తినుట వచ్చును, పిండి తినుట రాదు. గంజిని పులిపించునది ఈస్టు కాదు, పెరుగును తోడుపెట్టు జాతి సూక్ష్మజీవులు.

నేను విద్యార్థిగా నున్న కాలములో ఈ సంగతి పుస్తకములో చదివియు నమ్మలేదు. రొట్టెల దుకాణమునుండి ఈస్టు కొని తెచ్చి, చిక్కని గంజిలో కలిపి, మూతపెట్టి, హాస్టలు గదిలో మంచము క్రింద మూడు దినములు దాచితిని. నాలుగవ దినమున గదిలోని మిత్రులు నన్నును కుండను కలిపి బయటకు పంపిరి. సారాయి వాసన లేదు. పులిసిన కంపు మాత్రము మిక్కిలిగా వచ్చినది. ఈస్టు ఆకలితో చచ్చినది. దాని చుట్టు అంత ఆహారమున్నను దానికి నోటికందలేదు.

ఎందుకు అందలేదో కొంచెము వివరముగా చెప్పవలెను. పిండిపదార్థమనగా గ్లూకోజు అను చక్కెర పూసలు వందలు, వేలు ఒకదానికొకటి గ్రుచ్చిన దండ. ఇందు రెండు రకములున్నవి. ఒకటి కొమ్మలు లేని పొడవైన దండ, దీనిని అమైలోజు అందురు. రెండవది కొమ్మలు, ఉపకొమ్మలు గల చెట్టువంటిది, దాని పేరు అమైలోపెక్టిను. మామూలు మొక్కజొన్నలో నాలుగింట ఒక వంతు మొదటిది, మూడు వంతులు రెండవది ఉండును. ఈస్టు కణమునకు చుట్టును గోడ యున్నది. ఆ గోడలోని ద్వారములగుండ ఒంటరి గ్లూకోజు పూస దూరును. పూర్తి దండ దూరదు. చీమ దూరు కన్నములో ఏనుగు దూరునా?

దండను తెంచుటకు ఎంజైములను కత్తెరలు కావలెను. ఆల్ఫా అమైలేజు అనునది చెట్టును నడుమ నరకు గొడ్డలివంటిది. పెద్దదానిని చిన్న ముక్కలు చేయును. గ్లూకోఅమైలేజు అనునది కొమ్మ చివరనుండి ఒక్కొక్క పూసను తెంపుకొని వచ్చును. రెండును ఉన్ననే పని త్వరగా పూర్తియగును. మన లాలాజలములో ఉన్నది మొదటి రకము. మొలకెత్తు గింజలోను అదే పుట్టును. పసిపిల్లలకు మొలకెత్తించిన రాగుల మాల్టు పెట్టినప్పుడు అది జారుగాను తియ్యగాను ఉండుట ఇందువలననే. సీమదేశములలో బార్లీ గింజను మొలకెత్తించి బీరు చేయుటయు ఇదే సూత్రముపై జరుగుచున్నది. 1833లో ఫ్రాన్సు దేశమున పాయెన్, పెర్సో అను ఇద్దరు శాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీనుండి ఈ పదార్థమును వేరుచేసి దానికి డయాస్టేజు అని పేరు పెట్టిరి.

ఆసియా ఖండములోనివారు మొలకలకు బదులు బూజును నమ్ముకొనిరి. జపానువారు అన్నముపై కోజి అను బూజును పెంచి దానితో సాకె చేయుదురు. మనకు దాపుననే ఒడిషా, జార్ఖండు ప్రాంతముల గిరిజనులు వండిన అన్నములో రాను అను మూలికల బిళ్ళలను పొడిచేసి కలిపి హండియా అను పానీయము చేయుదురు. ఇట్టి బిళ్ళలలో పిండిని కోయు బూజులును, చక్కెరను సారాయిగా మార్చు ఈస్టులును కలిసి కాపురముండును. ఆసియా దేశములలోని ఇట్టి బిళ్ళలలో సాధారణముగా కనబడు ఒక ఈస్టు పేరు సక్కరోమైకాప్సిస్ ఫిబులిజెరా. నోరు తిరగని పేరే గాని జ్ఞాపకముంచుకొనుడు, మరల దాని ప్రస్తావన వచ్చును.

ఇప్పుడు ధాన్యమునుండి ఇథనాలు చేయు కర్మాగారములో జరుగు పని చూతము. ఇథనాలు అనగా సారాయిలోని ఆల్కహాలే. పెట్రోలులో కలుపుటకు దానిలోని నీటిని దాదాపు పూర్తిగా తీసివేయుదురు. మొక్కజొన్నను గాని నూకలను గాని పిండి పట్టి, నీటిలో కలిపి, ఆల్ఫా అమైలేజు వేసి 85 నుండి 90 డిగ్రీల వేడిలో ఉడుకబెట్టుదురు. చిక్కని అంబలి పలుచని రసమగును. దానిని 32 డిగ్రీల దరిదాపునకు చల్లార్చి, గ్లూకోఅమైలేజును ఈస్టును పెద్ద తొట్టిలో కలుపుదురు. ఒక ప్రక్క కత్తెర పూసలను తెంపుచుండును, వేరొక ప్రక్క ఈస్టు వాటిని మ్రింగి ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును విడుచుచుండును. రెండు రెండున్నర దినములలో పని ముగియును. పిమ్మట బట్టీ పట్టి ఆల్కహాలును వేరుచేయుదురు. మిగిలిన మాంసకృత్తులు, క్రొవ్వు, పీచు, చచ్చిన ఈస్టు కలిసి ఎండిన మేతగా వచ్చును. దీనినే వ్యాపారులు డి.డి.జి.ఎస్. అందురు. స్థూలముగా చెప్పినచో గింజ తూకములో మూడవ వంతు ఆల్కహాలు, మూడవ వంతు వాయువు, మూడవ వంతు మేత.

ఇందులో ఒక చిక్కున్నది. గ్లూకోఅమైలేజుకు 60 డిగ్రీల వేడి ఇష్టము. ఆ వేడిలో ఈస్టు చచ్చును. ఈస్టు కోరు చల్లదనములో కత్తెర మందగించును, కావున ఎక్కువ ఎంజైము వేయవలెను. ముందే అంతయు చక్కెరగా మార్చి పోసినచో, పాకములో పడిన చీమవలె ఈస్టు ఉక్కిరిబిక్కిరి యగును. పైగా ఎంజైమును ప్రతి తొట్టికి ప్రతిసారి కొనవలసినదే. ఈస్టు తానే ఆ కత్తెరను తయారుచేసికొనినచో ఎంత బాగుండునని శాస్త్రజ్ఞులకు తోచుటలో వింత లేదు.

దీనికి దారి 1978లో తెరచుకొన్నది. ఆ సంవత్సరము అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయములో హిన్నెన్, హిక్స్, ఫింక్ అను శాస్త్రజ్ఞులు బయటి జన్యువును ఈస్టులోనికి పంపి, అది అచ్చట స్థిరముగా నిలుచునట్లు చేసిరి. జన్యువనగా ఒక పనిముట్టును ఎట్లు తయారుచేయవలెనో వ్రాసియున్న చీటీ. చీటీని చేర్చినంత మాత్రమున పని కాదు. దానికి ముందు 'దీనిని ఎప్పుడు, ఎంత చదువవలెను' అను ఆజ్ఞ ఉండవలెను. తయారైన కత్తెరను కణమునుండి బయటకు పంపవలెనని చెప్పు చిరునామా కూడ ఉండవలెను. గంజి బయట, కత్తెర లోపల ఉన్నచో ప్రయోజనమేమి? 1985లో కాలిఫోర్నియాలోని సీటస్ అను సంస్థ శాస్త్రజ్ఞులు ఆస్పర్జిల్లస్ అవమోరి అను బూజునుండి గ్లూకోఅమైలేజు జన్యువును తీసి ఈస్టులో చేర్చి, ఈస్టు ఆ ఎంజైమును బయటకు స్రవించునట్లు చేయగలిగిరి.

ప్రకృతిలో కూడ పిండిని కోయు ఈస్టు లేకపోలేదు. డయాస్టాటికస్ అను ఒక రకము ఈస్టుకు స్వంత గ్లూకోఅమైలేజు ఉన్నది. బీరు తయారుచేయువారికి అది పెద్ద శత్రువు. సీసా మూసిన తరువాత లోపల మిగిలిన పిండి ముక్కలను తిని, వాయువును పుట్టించి, సీసాలను పగులగొట్టును. ఒకరి పొలములో కలుపు మరియొకరి దొడ్డిలో కూర యగుట మీరెరుగని సంగతి కాదు.

1985నాటి విజయము కర్మాగారమునకు చేరుటకు ఇరువది యేడు సంవత్సరములు పట్టినది. ఇంత ఆలస్యమేల యని మీరడుగవచ్చును. ప్రయోగశాలలోని ఈస్టు ముద్దుబిడ్డ వంటిది. కర్మాగారపు తొట్టిలో అది నిలువదు. ఆ తొట్టిలో చివరికి నూటికి 14, 15 పాళ్ళ ఆల్కహాలుండును, వేడి యుండును, పుల్లదనముండును. అందులో బ్రతుకగల మొండి ఈస్టులో జన్యువును చేర్చవలెను. చేర్చిన జన్యువు తరతరములకు జారిపోకుండ దాని స్వంత జన్యువుల వరుసలోనే కుట్టవలెను. అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి. కత్తెర తయారుచేయుటకు ఈస్టు తన తిండిలో కొంత ఖర్చు చేయవలెను. పాలు ఎక్కువగా పిండిన గేదె చిక్కినట్లు, ఎంజైమును అతిగా స్రవించు ఈస్టు పెరుగుట మందగించును. ఎంత చేయించవలెనో, ఎంతలో ఆపవలెనో తెలిసికొనుటకే ఏండ్లు గడచినవి. 1996లో ఈస్టు జన్యువులన్నిటిని, సుమారు ఆరు వేలు, చదివి పూర్తిచేయుట ఈ పనికి మిక్కిలి తోడ్పడినది.

2012లో అమెరికాలో మాస్కోమా, లాలెమాండ్ అను సంస్థలు ట్రాన్స్‌ఫెర్మ్ అను ఈస్టును మొక్కజొన్న ఇథనాలు కర్మాగారములకు అమ్మ మొదలిడినవి. ఇది గ్లూకోఅమైలేజును తానే చేసికొనును. ఆ జన్యువు ఎచ్చటిది? నేను జ్ఞాపకముంచుకొనుడని చెప్పిన సక్కరోమైకాప్సిస్ ఫిబులిజెరాది. ఆసియా పల్లెల పులియు బిళ్ళలలో పుట్టి పెరుగు ఈస్టు జాతి చీటీ, అమెరికా మొక్కజొన్న కర్మాగారపు తొట్టిలో చదువబడుచున్నది. ఈ సంగతి మొదట చదివిన దినమున నాకు కలిగిన ఆశ్చర్యము ఇంకను తగ్గలేదు. అయితే ఈ ఈస్టు వాడినను బయటనుండి వేయు గ్లూకోఅమైలేజు చాలవరకు తగ్గునే గాని, ఉడుకబెట్టు దశలోని ఆల్ఫా అమైలేజు మాత్రము కొనవలసినదే.

ఉడుకబెట్టకయే పచ్చి పిండిని పులియబెట్టుట ఇంకను పెద్ద కోరిక. అందువలన వంటచెరకు, ఆవిరి ఖర్చు మిగులును. జపానులోని కోబె విశ్వవిద్యాలయమువారు రెండు కత్తెరలను ఈస్టు గోడపైననే, కొడవలిని నడుమున దోపుకొనినట్లు, అంటియుండునట్లు చేసిరి. 2004లో వారు ప్రకటించిన ఫలితముల ప్రకారము పచ్చి మొక్కజొన్న పిండినుండి లీటరుకు సుమారు 62 గ్రాముల ఆల్కహాలు వచ్చినది; రాదగిన దానిలో ఇది నూటికి 86 పాళ్ళు. దక్షిణాఫ్రికాలోని స్టెలెన్‌బాష్ విశ్వవిద్యాలయమువారు టాలరోమైసెస్ అను బూజుయొక్క రెండు జన్యువులను కర్మాగారపు మొండి ఈస్టులలోనే చేర్చి 2019లో ఫలితములు ప్రకటించిరి. ఈస్టు ఒక్కటే ఉన్నచో పచ్చి పిండి పులియుటకు కర్మాగారము ఓర్చుకొనగల దినములకంటె ఎక్కువ పట్టును. కొంత ఎంజైము బయటనుండి తోడిచ్చినచో త్వరపడును. అనగా దారి పడినది, ఊరు ఇంకను చేరలేదు.

ఇంతవరకు శాస్త్రము. ఇక మన లెక్క.

ఒక క్వింటాలు మొక్కజొన్నలో తేమ 14 శాతమున్నచో పిండిపదార్థము సుమారు 62 కిలోలుండును. పిండి నీటితో కలిసి చక్కెరగా మారునప్పుడు కొంత బరువు పెరుగును; 62 కిలోలు 69 కిలోల గ్లూకోజగును. గ్లూకోజులో నూటికి 51 పాళ్ళకు మించి ఆల్కహాలు కాజాలదు. మిగిలినది వాయువుగా పోవును. ఇది ప్రకృతి పెట్టిన హద్దు, ఏ ఈస్టును దీనిని దాటలేదు. ఈ లెక్కన 35 కిలోలు, అనగా 44 లీటర్లకు పైగా రావలెను. మన దేశములో ప్రభుత్వ ప్రణాళికలలో వేసికొను లెక్క క్వింటాలుకు 38 లీటర్లు. నడుమ పోయిన ఆరు లీటర్లలో కొంత కోయబడని పిండిగా మేతలో మిగిలినది, కొంత ఈస్టు తన శరీరము పెంచుకొనుటకు వాడుకొన్నది, కొంత గ్లిజరాలు అను జిడ్డు ద్రవముగా మారినది. జన్యువులను సవరించిన ఈస్టుల వలన ఆశించునది ఈ ఆరు లీటర్లలో కొంత తిరిగి రాబట్టుటయే.

2023-24 ఇథనాలు సంవత్సరమునకు మొక్కజొన్న ఇథనాలు కొనుగోలు ధర లీటరుకు 71 రూపాయల 86 పైసలుగా నిర్ణయింపబడినది. 38 లీటర్లకు 2,730 రూపాయలు. మేత అమ్మకము వేరు. ఇందులోనే మొక్కజొన్న వెల, బొగ్గు, ఎంజైములు, కూలి, వడ్డీ అన్నియు రావలెను. క్రొత్త ఈస్టు వలన దిగుబడి నూటికి రెండు పాళ్ళు పెరిగినదనుకొందము. అది క్వింటాలుకు ముప్పాతిక లీటరు, సుమారు 54 రూపాయలు. ఒక్క క్వింటాలుకు ఇది చిన్న మొత్తమే. దినమునకు వేల క్వింటాళ్ళు ఆడించువానికి చిన్నది కాదు. ఆ 54 రూపాయలలో మీకెంత వచ్చును? తనంతట తాను ఒక్క పైసయు రాదు. ఈస్టు తొట్టిలో చేసిన మేలు తొట్టి యజమానికి చేరును. మీరు సంఘముగా ఏర్పడి, పిండి శాతమును, తేమను కొలిపించి, దానిని బట్టి ధర మాటలాడుకొనిననే అందులో పాలు దక్కును. 2025-26కు మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. పై లెక్కను చేతబట్టుకొని బేరమునకు పోవు రైతుకును, లెక్క తెలియక పోవు రైతుకును తేడా యున్నదని నా అభిప్రాయము.

మొక్కజొన్న ఇథనాలునకు ఇంత గిరాకి ఇటీవల వచ్చినదే. 2018 జీవ ఇంధన విధానము పాడైన ధాన్యమును, నూకలను, మొక్కజొన్నను, కర్ర పెండలమును వాడుటకు దారి తీసినది. 2025లో పెట్రోలులో నూటికి 20 పాళ్ళు కలుపుట వరకు వచ్చినది. మొక్కజొన్నను ఎగుమతి చేయుచుండిన మన దేశము 2024లో బర్మా, ఉక్రెయిన్ దేశములనుండి తెప్పించుకొన్నది. కోళ్ళ పెంపకమువారు దాణా ధర పెరిగినదని మొరపెట్టుకొనిరి. వారును రైతులే. ఒక ఇంట సంతోషమైనది వేరొక ఇంట బరువైనదను మాట దాచుట నాకిష్టము లేదు. నీటి సంగతియు అట్టిదే. మంచి కర్మాగారమైనను లీటరు ఇథనాలునకు మూడు నాలుగు లీటర్ల నీరు వాడును; వ్యర్థజలమును, వాసనను సరిగా చూడనిచో ఊరికి కష్టము తప్పదు. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు ఇథనాలు కర్మాగారము వద్దని రోడ్డెక్కిన సంగతి పత్రికలలో చదివియుందురు. ఈస్టు ఎంత తెలివిగలదైనను ఈ ప్రశ్నలకు అది బదులు చెప్పదు. ఎచ్చటి నీరు, ఎంత, వాడిన నీరు ఎచ్చటికి పోవును అని గ్రామసభలో అడుగుట మీ పని.

ఇటువంటి సమావేశములలో నన్ను తరచుగా అడుగు రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పి ముగించెదను.

మొదటిది: జన్యువు మార్చిన ఈస్టు బయటపడి మా పొలములను పాడుచేయునా? పులిసిన రసమును బట్టీ పట్టు వేడికి అందులోని ఈస్టు చచ్చును. గ్లూకోఅమైలేజు జన్యువు ప్రకృతిలో కొత్తదియు కాదు. మీ పశువుల కొట్టములో తడిసిన దాణాపై పుట్టు బూజులోను అట్టిది యున్నది. అయినను ఇట్టి జీవులను తయారుచేయుటకు, దిగుమతి చేసికొనుటకు, వాడుటకు మన దేశములో 1989 నియమముల క్రింద అనుమతి తప్పనిసరి. అనుమతి యున్నదా యని అడుగు హక్కు మీకున్నది.

రెండవది ఒక పాడి రైతు అడిగినది: ఆ ఎండిన మేతను గేదెకు పెట్టవచ్చునా? పెట్టవచ్చును, మాంసకృత్తులు ఎక్కువ గల మంచి మేత. కాని ఒక జాగ్రత్త. మనకు కత్తెర నిచ్చిన బూజు ఆస్పర్జిల్లస్ కుటుంబములోనిదే. అదే కుటుంబములోని ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనునది తడిసిన మొక్కజొన్నపై పెరిగి అఫ్లాటాక్సిను అను విషమును విడుచును. ఈ విషము ఆల్కహాలుతో పోదు, ఉడికినను చావదు, ఈస్టు దానిని తినదు. మూడు కిలోల గింజ ఒక కిలో మేతగా మిగులును గనుక గింజలోని విషము మేతలో సుమారు మూడింతలగును. అక్కడినుండి పాలలోనికి వచ్చును. పాడైన ధాన్యము ఇథనాలునకు పనికివచ్చును గదాయని బూజు పట్టిన గింజను మంచి గింజలో కలిపి అమ్మువారు, ఆ మేత తిరిగి తమ దొడ్డికే రావచ్చునని గ్రహింపవలెను. కండెలను కోసిన పిమ్మట కళ్ళములో రాసిగా పోయక పలుచగా ఎండబెట్టి, గింజ ఒలిచిన తరువాత తేమ 14 శాతమునకు దిగువకు తెచ్చి, టార్పాలిను క్రింద చెమ్మ పట్టకుండ చూచుకొనుడు. గింజ తేమ కొలుచు యంత్రము మార్కెటు యార్డులలో నుండును. బస్తా కుట్టుటకు ముందే ఒక దోసెడు గింజ తీసికొనిపోయి చూపించుకొనవచ్చును.